బొట్టు లేని సీసాలు

నిన్న పొద్దున ఫోన్ సైలెంట్‌లో ఉంది.

చూసేసరికి శ్రీను అన్నవి పదకొండు మిస్డ్ కాల్స్.

తిరిగి చేయలేదు. చేయకపోతే అది నిజం కాదన్నట్టు ఫోన్ పట్టుకుని వంటింట్లోనే నిలబడిపోయాను.

మా బూదవ్వ పెద్దమ్మ ఇక లేదు.

మా అమ్మకు సొంత అక్క. శ్రీను అన్న ఆమె కొడుకు. కోరుట్లలో నేను డిగ్రీ చదివినన్నాళ్లూ నన్ను తన ఇంట్లోనే పెట్టుకుని సాకింది. నాలుగు రోజుల కింద ఛాతీలో నొప్పి అంటే జగిత్యాల హాస్పిటల్‌లో చేర్చారు. "ఏం గాదు బిడ్డా, ఐతారం దాక ఇంటికస్త" అంది ఫోన్‌లో.

నేను నమ్మాను. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకునే మనిషిని, ఆ ఒక్కసారే భయపడలేదు.

పెద్దమ్మ అంటే మా వాళ్లందరికీ టమాట సీసాలే గుర్తు. ఎప్పుడో జగిత్యాలలో మూడు రోజుల ట్రైనింగ్‌కు పోయి నేర్చుకుంది. సీసాలు మరిగించడం, వేడి వేడి గుజ్జు నింపడం, మూత పెట్టి మళ్లీ నీళ్లలో ఉడికించడం. చల్లారాక మూత లోపలికి గుంజుకుంటే సీల్ పడినట్టు. ఉబ్బితే పెంట మీదికే.

గిన్నెల షాపుల వాళ్లకు ఈమె అంటే హడల్. ప్రతి గంజు తిప్పి, లోపల వేలితో రుద్ది, వెలుగుకు పెట్టి చూసేది. "పులుపుకు స్టీలే. సిల్వర్ గిన్నె వద్దే వద్దు. ఇత్తడిదైతే కళాయి సూడుండ్రి, అది పోతే పులుపు ఇసమైతది" అని పక్కన కొనేవాళ్లకు కూడా చెప్పేది. షాపాయన మొహం మాడిపోయేది.

ఇంకో అలవాటు ఉండేది. కొన్ని మూతల మీద కుంకుమ బొట్టు పెట్టేది. భక్తి అనుకున్నాను నేను.

నేను కోరుట్లలో చదువుతున్నప్పటి మాట, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు.

బస్సులు బంద్. మార్కెట్‌కు బండ్లు రాక కోరుట్లలో టమాట కుప్పలు కుళ్లిపోతున్నాయి. అటు మా ఊరు సిరిసిల్లలో కరెంటు లేక మరమగ్గాల సాంచాలు ఆగిపోయాయి, మా నాన్నకు పని లేదు. "ఈడ పారేసుడేంది, ఆడ పస్తులేంది" అని పెద్దమ్మ గంపలకు గంపలు తెచ్చి సీసాలు నింపడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున్నే దీక్షా శిబిరానికి పోయింది. మా స్టీలు గంజులు అప్పటికే రోడ్డు మీద వంటావార్పుకు పోయాయి. టమాటలు మెత్తబడుతున్నాయని నాకు టెన్షన్. అటక మీది పాత ఇత్తడి గంజు దించి ఉడికించేశాను. ఇరవై సీసాలు! భలే చేశాననుకున్నాను. మధ్యాహ్నం ఒక చుట్టం బండి మీద సిరిసిల్ల పోతుంటే రెండు సీసాలు అమ్మకు పంపాను కూడా.

సాయంత్రం పెద్దమ్మ వచ్చి గంజులోకి తొంగి చూసింది. కళాయి ఎప్పుడో పోయింది. పులుపుకు లోపలంతా తోమినట్టు పసుపుపచ్చగా మెరుస్తోంది.

సీసాలు లెక్కపెట్టింది. తను కడిగి పెట్టిన ఇరవైలో పద్దెనిమిదే ఉన్నాయి.

"తక్కినయి ఏవి?"

చెప్పాను.

అమ్మ ఫోన్ స్విచ్ ఆఫ్. మళ్లీ స్విచ్ ఆఫ్. కరెంటు లేదు కదా, చార్జింగ్ ఎక్కడిది? మా తమ్ముడు టమాట అంటే పడి చస్తాడు. అన్నంలో కలుపుకుంటున్నట్టు, వాంతులు చేసుకుంటున్నట్టు నాకు కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది.

శ్రీను అన్న బండి తీశాడు. వెనక పెద్దమ్మ, ఆమె వెనక నేను. వేములవాడ దగ్గర రోడ్డుకు అడ్డంగా టైర్లు పెట్టి సమ్మె చేస్తున్న పిల్లలు ఆపారు.

"అవ్వా, బంద్ ఉన్నది. ఎటు పోతున్నరు?"

"నేను గూడ పొద్దుందాక శిబిరంల కూసునే అచ్చిన కొడుకా. కిలుం పట్టింది తిని నా చెల్లె పిల్లలు సత్తరేమోనని పోతున్న. జెర జరుగుండ్రి."

వాళ్లే టైర్లు పక్కకు లాగారు.

చీకటి పడ్డాక సిరిసిల్ల చేరాం. సాంచాల చప్పుడు లేని మా గల్లీ నాకు ఇంకా భయం పుట్టించింది. లోపలికి ఉరికాను. రెండు సీసాలూ గూట్లో ఉన్నాయి. మూత కూడా తీయలేదు.

అమ్మ మమ్మల్ని వింతగా చూసింది. "మూతకు బొట్టు లేదు గదనే అక్కా. నువ్వు తినంది నా పిల్లలకు ఎట్ల పెడుత?"

అప్పుడు తెలిసింది నాకు. నింపిన ప్రతి వాయిలోనూ ఒక సీసా విప్పి ముందు తనే తినేది. మూడు రోజులు చూసుకునేది. తనకేమీ కాలేదంటేనే మిగతావాటికి బొట్టు, ఆ తర్వాతే పంపకం. అమ్మకు ఒక్కదానికే తెలుసట.

పెద్దమ్మ గడప మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చాలాసేపటికి నా తల నిమిరి, "గంజు లోపట సూసినంకనే పొయ్యి ముట్టియ్యాలె బిడ్డా" అంది. అంతే, ఇంకెప్పుడూ ఆ ఊసే ఎత్తలేదు.

ఆ ముందు వాయిల్లోని బొట్టు సీసాలతోనే మా ఇల్లు సమ్మె దాటింది.

నిన్న అన్నీ అయ్యాక కోరుట్ల ఇంట్లో అల్మారా తీశాను. తొమ్మిది సీసాలు. హాస్పిటల్‌కు పోయే ముందు రోజు నింపిందట. "చెల్లె బిడ్డకు పంపాలె" అని శ్రీను అన్నతో చెప్పిందట.

మూతలన్నీ లోపలికి గుంజుకుని ఉన్నాయి.

ఒక్కదానికీ బొట్టు లేదు.

తినే టైం దొరకలేదు ఆమెకు.

వాటిని మా ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దుటి నుంచి పిల్లలు అడుగుతున్నారు, నేను ఇవ్వడం లేదు. నువ్వు నింపిన సీసా అంటే కూడా నాకు భయమే, ఏం చేయను పెద్దమ్మా, నా బుద్ధే అంత.

రేపు ఒకటి విప్పుతాను. మొదటి ముద్ద నేనే తింటాను. మూడు రోజులు చూసి, నాలుగో రోజు మిగతావాటికి బొట్టు పెడతాను.

ఇక మా గురించి భయపడకు పెద్దమ్మా. నిమ్మళంగా పడుకో.