పక్కూరికి పోని కోత మిషన్

నేను కామారెడ్డిలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. పోటీ, గుత్తాధిపత్యం, వ్యాపారుల కుమ్మక్కు నాకు కొట్టినపిండి అనుకునేదాన్ని. ఒక యాసంగిలో వరికోత మిషన్ల కిరాయిల మీద వ్యాసం రాద్దామని ఎల్లారెడ్డి వైపు ఊళ్లు తిరిగాను. ఎక్కడ అడిగినా ఒకటే కిరాయి. డీజిల్ ధర అందరికీ ఒకటే, డ్రైవర్ల జీతాలూ ఒకటే, అందుకే కిరాయి కూడా ఒకటే అని రాసుకున్నాను.

మధ్యాహ్నం నా క్లాస్‌మేట్ ఇంటికి భోజనానికి వెళ్లాను. ఆమె అక్కడే ఒక పల్లెలో వ్యవసాయం చేస్తుంది. చదువుకునే రోజుల్లో పరీక్షలకు ముందు నా నోట్సే ఆమెకు దిక్కు. నా కాగితాలు తిరగేసి అడిగింది:

"కిరాయి ఒక్కటే ఉంటే ఉండనియ్యి. పక్కూరి మిషన్ మా ఊరికెందుకు రాదే? అది అడిగినవా?"

అడగలేదు.

వెంటనే పక్కూరి మిషన్ యజమానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"అన్నా, వరి కోసేదుంది. వస్తవా?"

"వస్తనమ్మా. ఏ ఊరు?"

ఆమె ఊరి పేరు చెప్పింది.

"ఆ ఊరికి నేను రాను. మేమందరం మాట్లాడుకున్నం. అది వేరే ఆయన ఊరు."

ఫోన్ పెట్టేసి పప్పు వడ్డించింది. మార్కెట్ పంచుకోవడమని ఏళ్లుగా నేను బోర్డు మీద రాస్తున్నది ఇదే. సంతోషించాల్సింది పోయి, ఈమెకెలా తట్టిందని నాకు కడుపు మండింది.

"పోటీ చట్టం కింద ఫిర్యాదు పెట్టొచ్చంట గదా. నువ్వు రాసియ్యరాదు?" అంది.

సరేనన్నాను. రాయలేదు. కాలేజీ పనులని రెండుసార్లు, జ్వరమని ఒకసారి తప్పించుకున్నాను. ఆమె అడగడం మానేసింది. ఊళ్లో ఆడవాళ్లందరినీ కూడగట్టి, అన్ని పొలాలూ వరసగా కోయిస్తామని మాటిచ్చి, ఈ ఒప్పందంలో లేని మిషన్లను దూరంగా జుక్కల్ అవతలి నుంచి పిలిపించింది. కోతలు ముగిసేలోపే ఇక్కడి యజమానులు కిరాయి తగ్గించి, ఒకరి ఊళ్లోకి ఒకరు రావడం మొదలుపెట్టారు.

ఈ సంగతి విని మా ప్రిన్సిపాల్ ఆమెను పిల్లలతో మాట్లాడమని పిలిచారు. పరిచయం చేసే పని నా మీద పడింది. మైకు ముందు, "ఈ కుమ్మక్కును మేమిద్దరం కలిసి కనిపెట్టాం" అనేశాను. ఆమె నా వైపు ఒకసారి చూసి మైకు అందుకుంది. మాటలయ్యాక పిల్లలంతా ఆమె చుట్టూ మూగారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

బస్టాండులో అడిగింది. "గట్లెందుకన్నవే?"

"కుళ్లుతో."

"ఫిర్యాదు గూడ గందుకే రాయలేదా?"

తలూపాను. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. ఎక్కుతూ, "రేపు పిల్లలకు నిజం చెప్పు" అంది.

చెప్పాను. కనిపెట్టింది ఆమేనని, నేను ఫిర్యాదు కూడా రాసివ్వలేదని. ఒక అమ్మాయి లేచి, "ఆ మేడం మళ్ల ఎప్పుడొస్తరు మేడం?" అని అడిగింది.

పిలుస్తానన్నాను. నిజం చెబితే తేలికపడతాననుకున్నాను గానీ, ఆ ఒక్క ప్రశ్నతో కడుపులో మళ్లీ అదే మంట.