ఉడకబెట్టని శనగలు

రోజూ తెల్లారి పలమనేరు మార్కెట్టుకు పోయి కొత్తిమీర తెచ్చేది చెంగల్రాయుడు. కువైట్లో ఒక అరబ్బు ఇంట్లో ఆరేండ్లు వంట చేసి వచ్చిన మనిషి, కట్టను ముక్కు దగ్గర పెట్టుకోకుండా కొనేవాడు కాదు. కామెర్లతో ఆయన పోయి ఏడాదయింది. ఇప్పుడు మార్కెట్టుకు పోయేది ఆయన పెండ్లాం వరదమ్మ.

ఆ పొద్దు సంవత్సరీకం. పోయినోళ్లకు ఇష్టమైంది విస్తరిలో పెట్టాల. చెంగల్రాయుడికి ఇష్టమైంది ఫలాఫిల్. వీధిలోవాళ్లు దాన్ని కువైట్ వడ అనేవాళ్లు. బతికినన్నాళ్లూ ఆయనే చేసినాడు, వరదమ్మను పొయ్యి దగ్గరికి రానిచ్చింది లేదు. ఈ పొద్దు కుదరకపోతే ఆ రుచి ఆయనతోనే పోయినట్టు. ఆమె గుబులంతా అదే.

రాత్రి నానేసిన శనగల్లో సగం గుగ్గిళ్ల మాదిరి ఉడకబెట్టి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, కొత్తిమీర, జీలకర్ర వేసి రుబ్బింది. నూనెలో వేసిన వడ వేసినట్టే విచ్చిపోయింది.

ఆడబిడ్డ దేవకమ్మ తొంగి చూసింది. "ఏం వరదమ్మా, నూనెలో ముగ్గేస్తాండావా?"

"మీ తమ్ముడు చేస్తే నిలిచేది వదినా."

"వాడు చేసేటప్పుడు నువ్వేం చేస్తా ఉంటివి?"

"తింటా ఉంటిని."

ఆ మాటతోనే గుర్తొచ్చింది. ఒకసారి ఆయన గిన్నెలోంచి గుప్పెడు శనగలు తీసుకోని నోట్లో వేసుకుంటే కరకరమన్నాయి. "మేక మాదిరి నమలబాకే, రుబ్బేదానికి మిగలనీ" అని నవ్వినాడు. ఉడికినవైతే కరకరమనవు గదా! ఇన్నాళ్లూ ఉబ్బిన గింజల్ని చూసి ఉడికినవే అనుకునింది.

మిగిలిన సగాన్ని బట్టతో తడి లేకుండా తుడిచి, పచ్చివే రోట్లో పలుకులుగా రుబ్బింది. ఈసారి పిండి పిడికిట్లో నిలిచింది, నూనెలో గుండ్రంగా తేలి ఎర్రబడింది. దోరగా వేయించిన నువ్వుల్ని మెత్తగా నూరి, నిమ్మరసం, తెల్లగడ్డ, నీళ్లు కలిపితే ఆయన వడకు నంజుకునే తెల్లటి తహీనా అయింది.

విస్తరి మిద్దె మీద పెట్టినారు. కాకి వచ్చింది. ఏం తినిందో ఇద్దరూ సరిగా చూళ్లేదు.

దేవకమ్మ ఒక వడ కొరికింది. "ఉప్పు తక్కువ."

"మీ తమ్ముడూ అంతే గదా వదినా, వేసేది."

దేవకమ్మ ఇంకొకటి తీసి తహీనాలో ముంచింది. దాన్నీ తినేసింది. "వాడి చెయ్యే" అనింది.

సాయంత్రం బస్సుకు పోతా చెప్పింది: "పొయ్యి అలుకు. కర్మ చేసిన పొయ్యి అట్లే పెట్టకూడదు."

"అట్లే వదినా."

వరదమ్మ గంపలో పేడ గూడా తెచ్చింది. పొయ్యి చుట్టూ చిందిన నూనెలో శనగ పలుకులు, కొత్తిమీర కాడలు. చెంగల్రాయుడు వంట చేసి లేచిన చోటు ఎప్పుడూ అట్లే ఉండేది.

పేడను తీసకపోయి దిబ్బలో వేసి, చేతులు కడుక్కునింది.