పిట్ట జోల

మా కోడలు స్టవ్వు మీద గిన్నె పెట్టి, నీళ్ళు మరగగానే పొట్లం చింపి పచ్చటి పొడి ఒంపి, బడా బజారు కొట్లో కొన్న గడ్డకట్టిన మోమోలు నాలుగు అందులో పడేసి, అయిదు నిమిషాల్లో సూపు అయిపోయిందత్తా అని నా ముందు పెడుతుంది. ఆ ఆవిరి ముక్కుకు తగలగానే మొహం తిప్పుకుంటాను. ఏం వాసనో అది! తడిసిన అట్టపెట్టెలో ఉల్లిపాయలు కుళ్ళినట్టుంటుంది. తెల్లగా, జిగురుగా, మూతులు ముడుచుకున్న ఆ ముద్దలు పైకి తేలి నన్నే చూస్తున్నట్టుంటాయి. ఛీ అంటాను. సంతకం తప్ప అక్షరం ముక్క రానిదాన్ని కనుక, నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది నా మనవరాలు. నీకు అన్నీ అసహ్యమే నానమ్మా అంటుంది. అవును, అన్నీ అసహ్యమే. కానీ ఆ అసహ్యం ఏ గిన్నెలో పుట్టిందో దానికి ఈమధ్యే చెప్పడం మొదలుపెట్టాను.

స్వరాజ్యం వచ్చి పదేళ్ళయిందో పన్నెండేళ్ళయిందో, నాకు ఏడేళ్ళుంటాయి. ఒడియా గడ్డ మీద ఆర్యపల్లిలో మా వీధంతా సముద్రం మీద బతికే తెలుగువాళ్ళమే. ఎండాకాలంలో ఇసుక మీద పరిచిన నెత్తళ్ళ చేపలు, వాటి మీద ముసిరిన ఈగలు, పడవలకు పూసే సొరచేప నూనె, వలలు ముంచే బెరడు కషాయం, వానాకాలంలో నానిన తాటాకు కప్పు, ఇవన్నీ కలిసి ఒకటే కంపు. ఇప్పుడు చెబితే మీరు ముక్కు మూసుకుంటారు గాని, ఆ కంపులోనే మేం పీతలకు దారాలు కట్టి పందాలు వేసుకునేవాళ్ళం, గంగమ్మ పండగనాడు బెల్లం అన్నం ఆకులో వేసుకుని చేపల కుప్పల పక్కనే కూర్చుని వేళ్ళు నాకేవాళ్ళం.

నన్ను పెంచింది మామ్మ, మా అయ్యను కన్నతల్లి. మా అమ్మ నా నాలుగో ఏటనే పోయింది. మామ్మది అడ్డపొగ. చుట్ట నిప్పున్న కొసను నోట్లోపలికి పెట్టుకుని పీలుస్తూనే వండేది, పీలుస్తూనే తిట్టేది. చుట్ట తీసి పొయ్యి పక్కన ఉమ్మేది. ఆ ఉమ్మి ఎండి గోడ నల్లగా మెరిసేది. పులుసులో బూడిద రాలితే వేలితో తోడి, ఆ వేలు చీకి, మళ్ళీ అదే వేలితో ఉప్పు వేసేది. చేపముక్కను తన నోట్లో వేసుకుని, ముళ్ళు ఏరి ఉమ్మేసి, మిగిలిన మెత్తటి ముద్దను తీసి నా నోట్లో పెట్టేది. దానికి పొగ వాసన, పుచ్చిన పళ్ళ వాసన ఉండేవి. నేను ఇంకా కావాలని నోరు తెరిచేదాన్ని. అప్పుడు నాకు అసహ్యమంటే తెలియదు.

ఆ ఏడు మా అయ్య రంభ అనే ఊరి నుంచి మారుమనువు చేసుకుని వచ్చాడు. ఆమెను చిన్నమ్మ అనమన్నారు. తెలుగు పిల్లే, కానీ చిలక సరస్సు ఒడ్డున ఒడియావాళ్ళ మధ్య పెరిగింది కనుక మాటల్లో సగం ఒడియా దొర్లేది. ఎదురింటి నూకాలత్త చూడ్డానికొచ్చి, "రంభ నుంచి రంభే దిగిందోలమ్మా! మా తమ్ముడు రేపట్నుంచి ఏటకెల్తాడో ఎల్లడో!" అంటే వీధంతా నవ్వింది. మామ్మ నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా తన చేతిలో ఉన్న పొయ్యి ఇంకొకరి చేతికి పోతోంది కదా.

మా వీధిలో ఒక కట్టు ఉండేది. మారుమనువు చేసుకున్న ఆడది, నెల తిరిగేలోగా ఆ ఇంటి తల్లిలేని పిల్లకు తన చేత్తో వండి ముద్ద పెట్టాలి. పిల్ల తింటేనే మనువు నిలిచినట్టు. తినకపోతే ఆడదాన్ని పుట్టింటికి పంపేయొచ్చు, ఎవరూ అడగరు. చిన్నమ్మ అన్నం కలిపింది, చేప వేయించింది, కొబ్బరి పెట్టి కుడుములు చేసింది. నేను పళ్ళు బిగించుకుని మామ్మ కొంగులో దూరేదాన్ని. అలా ఇరవై రోజులు పైన గడిచాయి.

ఆషాఢం ముసురు పట్టింది. పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఒకరోజు గాలికి మా చూరులోని పిచ్చుక గూడు ఊడి వాకిట్లో పడింది. అందులో మూడు పిల్లలు. ఈక లేదు, ఒంటి మీద తోలు తప్ప ఏమీ లేదు, ఉబ్బిన కళ్ళు మూసుకుని, పసుప్పచ్చ మూతులు తెరుచుకుని ఉన్నాయి, కడుపులో పేగులు కనిపిస్తున్నాయి. నేను పుల్లతో కదిపాను. ఒకటి పుల్లకు అంటుకుని పైకి లేచింది. ఆ మెత్తదనం ఇప్పటికీ నా వేళ్ళలో ఉంది.

మర్నాడు పొద్దెక్కినా చినుకు ఆగలేదు. ఆకలి అని నేను ఏడుస్తుంటే చిన్నమ్మ గబగబా లేచి, చింతపండు పిసికిన నీళ్ళలో గుప్పెడు ఎండు నెత్తళ్ళు, రెండు మిరపకాయలు వేసి పొయ్యి మీద పెట్టింది. అది మరిగేలోపు బియ్యప్పిండిలో ఉప్పూ వేణ్ణీళ్ళూ పోసి కలిపి, మూడు వేళ్ళతో చిన్న చిన్న ముద్దలు గిల్లి అందులో వేసింది. పచ్చిముద్ద మునిగేది, ఉడికింది తేలేది. తేలగానే చిప్పలో పోసి నా ముందు పెట్టింది. ఎప్పుడూ లేనిది, ఆ పుల్లటి ఆవిరికి నా నోట్లో నీళ్ళూరాయి.

"ఏటిది?" అన్నాను.

"పిఠా ఝోళ. ఏడిగా ఉంది, ఊదుకుని తాగు తల్లీ."

పిఠా అంటే ఒడియాలో పిండివంట, ఝోళ అంటే పులుసు. నాకు వినబడింది పిట్ట అని, జోల అని. చిప్పలోకి చూశాను. తెల్లటి బోడి ఒళ్ళు, గిల్లినచోట ముక్కులాంటి మొన, వేలు పడినచోట మూసుకున్న కన్నులాంటి గుంట. జోల పాడి నిద్రపుచ్చి మరీ ఉడకేసింది అనుకున్నాను. కడుపులో ఉన్నదంతా చాప మీదే కక్కేసి, వానలోకి పరుగెత్తి, "సిన్నమ్మ పిట్టపిల్లల్ని ఉడకేసిందోయ్!" అని వీధి దద్దరిల్లేట్టు అరిచాను.

ఆడవాళ్ళంతా చేటలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. నూకాలత్త చిప్పలోకి తొంగిచూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "పిట్ట కాదే ఎర్రిమొగమా, పిఠా! రెక్కలేయే దానికి? ఎగిరిపోద్ది, మూత పెట్టండర్రా!" అందరూ నవ్వారు. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మా అయ్య కూడా నవ్వాడు. కక్కిన మరకలతో, తడిసిన లంగాతో నిలబడ్డ నాకు చచ్చేంత సిగ్గు వేసింది.

చిన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, చిప్పలోంచి ఒక ఉండ తీసి, సగం కొరికి, లోపలంతా చూపించింది. "సూడు, పిండే. ఉత్త బియ్యప్పిండి." మిగిలిన సగం నా పెదాల దగ్గర పెట్టింది.

పిండే. తెల్లగా, ఆవిరి కక్కుతూ, పిండే. నాకు కనిపించింది. నోరు తెరవబోయాను కూడా.

అప్పుడు మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "ఎంగిలి!" అంది. "తల్లిలేని పిల్లకి ఎంగిలి పెడతాదా? సూసినారర్రా! ఇదేనా దీని ముద్ద?"

నవ్వు ఆగిపోయింది. నూకాలత్త చిన్నగా, "ఊరుకో పెద్దమ్మా, పిల్లకి సూపెట్టడానికి కొరికింది గదా," అంది. మామ్మ వినలేదు. అందరూ నా మొహం చూశారు. తిన్నానా, మనువు నిలుస్తుంది. అది నాకు తెలుసు, ఏడేళ్ళ పిల్లకు ఆపాటి తెలియదా? తన నోట్లో నమిలి నాకు పెట్టే మామ్మ ఎంగిలి అంటోందని కూడా తెలుసు. కానీ ఇందాక అందరూ నన్ను చూసి నవ్వారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"ఛీ," అన్నాను. "ఎంగిలి."

మా అయ్య తలొంచుకుని వల కన్నులు లెక్కపెట్టుకున్నాడు. "నీ ఇట్టమే అమ్మా," అన్నాడు మామ్మతో. అంత పెద్ద కెరటాలకు ఎదురెళ్ళే మనిషి!

మర్నాడు చిన్నమ్మ నేను కక్కిన చాప ఉతికి ఆరేసింది. గిన్నె తోమి పొయ్యి పక్కన బోర్లించింది. గుమ్మం దాటుతూ నా తల మీద చెయ్యి వేయబోయి, మామ్మ చూస్తోందని తీసేసుకుంది. "ఆకలేస్తే దాసుకోకు తల్లీ, అడుగు," అంది. అంతే. రంభలో రొయ్యలు ఒలుస్తోందని, మళ్ళీ మనువు ఆడలేదని తర్వాత ఎవరో చెప్పారు. నాకు పెళ్ళయి, పిల్లాడు పుట్టి, మొగుడు పోయి, ఎండుచేపల గంపతో ఎన్నో ఊళ్ళు తిరిగాను. రైలు రంభలో ఆగినప్పుడల్లా, చేపలు అమ్ముకునేదాన్ని అయ్యుండీ కంపు భరించలేనట్టు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అటు తిరిగి కూర్చునేదాన్ని. ఒక్కసారీ దిగలేదు.

మొన్న కోడలు ఇంట్లో లేనప్పుడు పిండి కలిపాను. చింతపండు, నెత్తళ్ళు, మిరపకాయలు, మూడు వేళ్ళ గిల్లుడు. ఉండలు మునిగాయి, తేలాయి. ఒకటి సగం కొరికి, ఏ ధ్యాసలో ఉన్నానో, మిగిలిన సగం మనవరాలి నోటికి అందించాను. ఆ పిల్ల తల వెనక్కి లాక్కుని, "ఛీ, ఎంగిలి నానమ్మా," అంది. ఆ సగమూ నేనే తినేశాను.

తర్వాత జాలి వేసిందేమో, "ఆవిడ చేసినట్టే కుదిరిందా?" అని అడిగింది.

ఆ తాటాకిళ్ళు లేవు, ఆ చూరు లేదు, నూకాలత్త లేదు, మామ్మ లేదు. చిన్నమ్మ ఇంకా బతికుండే వయసు కాదు. పులుపు ఇంతేనా, ఉప్పు ఇంతేనా అని ఎవర్ని అడగను? ఆ చిప్పలోది ఒక్కటీ నేను తినలేదు కదా.