పుల్లన్న బుల్లెట్టు

తనకల్లు ఊళ్లో మెకానిక్ షెడ్డు ముందు పుల్లన్న ఎప్పుడూ నిలబడే ఉంటాడు. కూర్చుంటే మళ్లీ లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఆయన ఎముకల్లో చేరి, ఒక్కో కీలునే బిగించుకుంటూ వస్తోంది. ఒకప్పుడు ఏటా వేరుశనగ ఒబ్బిడి అయి పంట ఇల్లు చేరగానే, తన పాత బుల్లెట్టు బండి మీద ఒంటరిగా కన్యాకుమారి దాకా పోయివచ్చిన మనిషి. ఇప్పుడు తన ఒంట్లో ఏ కీలు పట్టేస్తే దానికి తగ్గట్టు బండిని మార్పిస్తాడు. నడుము వంగనప్పుడు హ్యాండిలు ఎత్తు పెంచాడు. వేళ్లు ముడుచుకోనప్పుడు తేలిక క్లచ్చు వేయించాడు. మోకాలు కిక్కు కొట్టనన్నాక సెల్ఫ్ స్టార్టు పెట్టమన్నాడు.

ఆ పని ఈ పొద్దున పూర్తయింది. మెకానిక్ మస్తాన్ బటన్ నొక్కగానే బండి డుగ్గుడుగ్గుమంటూ అందుకుంది. పుల్లన్న తువ్వాలుతో ట్యాంకు తుడిచి, హ్యాండిలు పట్టుకుని కుడికాలు ఎత్తాడు. జానెడు లేచి ఆగిపోయింది. పళ్లు బిగించి మళ్లీ ఎత్తాడు. చెప్పు జారి కింద పడింది గానీ, కాలు సీటు దాకా పోలేదు.

మస్తాన్ బండి ఆపబోయాడు.

"ఉండనీప్పా," అన్నాడు పుల్లన్న. ఆ చప్పుడు కాసేపు విని, "పక్కన తొట్టి తగిలిస్తారు గదా, అట్లాంటిది కట్టియ్యి. దాంట్లో కూచుంటా."

"కట్టిస్తాలే అన్నా. మరి నడిపేదెవురు?"

పుల్లన్న కింద పడిన చెప్పు వైపు చూశాడు.

"ముందు అది తొడుగప్పా," అన్నాడు.