వంటింట్లో నయమైన కాలేయం

మొన్న ఆదివారం పొద్దున్న మా వంటింట్లో ఒక కాలేయానికి జబ్బు నయం చేశాను. నేను డాక్టర్ని కాను, రిటైరైన సైన్సు టీచర్ని. కత్తి పట్టలేదు, మందు వేయలేదు. ఒక గిన్నె, ఒక గరిటె, కాస్త యాలకుల పొడి, అంతే. అంత బాగా నయం చేసినందుకు మా మనవరాలు సాయంత్రం దాకా నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. ఎందుకో చెబుతాను, కానీ ముందు కొంచెం పాఠం వినాలి. పాఠం లేకుండా కథ చెప్పడం నాకు చేతకాదు.

ఇప్పుడు పొట్ట పెద్దగా కోయకుండా, చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్లు చేస్తున్నారు కదా. పేషెంటుకి హాయి. డాక్టరుకి మాత్రం ఒక ఇబ్బంది. పొడుగాటి పుల్లల్లాంటి పనిముట్లు లోపలికి పోతాయి, కెమెరా పోతుంది, చెయ్యి మాత్రం బయటే. కంటికి కనిపిస్తుంది, వేలికి తెలియదు. బండి మీది జామకాయని గరిటె కాడతో పొడిచి పండిందో లేదో చెప్పమంటే ఎలా ఉంటుంది? అలాగన్నమాట. లోపలెక్కడో పైకి కనిపించని గడ్డ ఉంటే, నొక్కి చూడ్డానికి వేలు లేదు.

ఆ వేలే తయారుచేస్తున్నారు మా మనవరాలు లహరి, దాని స్నేహితురాలు సరిత. ఇద్దరిదీ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. తోటివాళ్ళంతా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకి తిరుగుతుంటే, వీళ్ళు మెత్తటి రబ్బరు వేలు పట్టుకు కూర్చున్నారు. గాలి పంపిస్తే అది వంగుతుంది. కొసన ఒక సెన్సర్. మెత్తటిచోట నొక్కితే కంప్యూటర్ తెర మీద గీత కిందనే ఉంటుంది, గట్టిగా ఏదైనా తగిలితే పైకి లేస్తుంది.

దాన్ని చూడ్డానికి ఆదివారం పదింటికి డాక్టర్ మురళి వస్తానన్నాడు. కార్ఖానా అనే పేటలో ఉంటాడు, ఈ రకం ఆపరేషన్లే చేస్తాడు, ఒకప్పుడు ఎనిమిదో తరగతిలో నా స్టూడెంట్. నచ్చితే తమ ఆసుపత్రిలో డాక్టర్లు ప్రాక్టీసు చేసే గదిలో పిల్లలిద్దరికీ చోటిస్తానన్నాడు. నచ్చకపోతే ప్రాజెక్టు అటకెక్కుతుంది. అతన్ని రమ్మని ఒప్పించింది నేనే. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండింది.

ఆ పొద్దున్న ఏడింటికి లహరి, కంప్యూటర్ తేవడానికి రెజిమెంటల్ బజార్‌లో సరిత వాళ్ళింటికి వెళ్ళింది. నేను పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచాను. స్టీలు గిన్నెలో ఎర్రగా ఏదో పేరుకుని ఉంది. గట్టు మీద చూస్తే, జెల్లీ స్వీట్లలో వేసే చైనా గ్రాస్ ఖాళీ ప్యాకెట్టు. డాక్టరుగారి కోసం పిల్లలు స్వీటు చేశారన్నమాట, ఎంత బుద్ధిమంతులు అనుకున్నాను. వేలితో నొక్కి చూశాను. ఇక్కడొక ఉండ, అక్కడొక ఉండ. సరిగ్గా కరగనే లేదు. రుచి చూశాను. చప్పగా ఉంది. పంచదార వేయడమే మరిచిపోయారు.

నా స్టూడెంటుకి నా ఇంట్లో ఉండలు కట్టిన చప్పిడి స్వీటు పెట్టడమా? గిన్నె పొయ్యి మీద పెట్టి, ఉండలన్నీ గరిటెతో మెదిపి, బాగా మరగనిచ్చి, పంచదార వేసి, వడకట్టి, యాలకుల పొడి కలిపి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాను. అద్దంలా పేరుకుంది. పిల్లలు వచ్చాక ఏమీ అనలేదు. వాళ్ళ తప్పు దిద్దిన సంగతి ఎత్తి చూపడం ఎందుకని.

మురళి వచ్చాడు. నేను కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. లహరి ఆ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, ఇదే కాలేయం సార్ అంది. బీట్‌రూట్ రసంతో రంగు వేశాం, లోపల చిక్కగా కాచిన చైనా గ్రాస్ ముద్దలు దాచాం, అవే గడ్డలు, మా వేలు వాటిని వెతికి పట్టుకుంటుంది అని వివరించింది.

కాఫీ ట్రే పట్టుకుని నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

రబ్బరు వేలు వంగింది, నొక్కింది. గీత లేవలేదు. ఇంకోచోట నొక్కింది. లేవలేదు. గిన్నె అంతా తిరిగింది. గీత మా స్కూలు గ్రౌండంత చదునుగా ఉంది. లహరి మొహం పాలిపోయింది. చెప్పేయాలి. కానీ ఎదురుగా ఉన్నది స్టూడెంటు. ల్యాబులో ఇంకొకరి ప్రయోగం ముట్టుకున్నందుకు ఒకసారి పీరియడ్ అంతా అతన్ని బయట నిలబెట్టింది నేనే.

"లోపల వైరు తెగినట్టున్నది. కోసి చూస్త," అంటూ సరిత బ్లేడు తీసింది. నెలల తరబడి చేసిన వేలు అది.

"ఆగమ్మా," అన్నాను. "వేలు బాగానే ఉంది. గడ్డలు నేను కరిగించేశాను."

మురళి గిన్నె మీదకి వంగి వాసన చూశాడు.

"కాలేయం యాలకుల వాసన వస్తోందేంటా అనుకుంటున్నా, టీచర్."

"గట్లెట్ల జేసినవ్ అమ్మమ్మా," అంది సరిత బ్లేడు కింద పెడుతూ. లహరి తల దించుకుంది. దానికన్నా తిట్టి ఉంటే బాగుండేది.

మురళి నవ్వు ఆపుకుని తానే తన వేలితో గిన్నె అంతా నొక్కి చూశాడు. మీ రబ్బరు వేలు గడ్డ లేనిచోట లేదనే చెప్పింది, అది చిన్న విషయం కాదు, లేనిదాన్ని ఉందని చెప్పే యంత్రాలతోనే మాకు పెద్ద పరేషాన్ అన్నాడు. ఉన్న గడ్డల్ని పట్టుకుంటుందో లేదో తన దగ్గరే చూద్దాం, సోమవారం నుంచి రమ్మన్నాడు. లహరి మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది.

నాకూ ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. మీ యంత్రం సంగతి సరే, ఆ గడ్డల్ని పొద్దున్నే ఒక్క వేలితో పట్టుకున్నది నేనేగా, సెన్సరూ లేదు, కంప్యూటరూ లేదు అన్నాను.

"ఎన్ని పట్టుకున్నారు టీచర్?"

"అయిదు."

లహరి అప్పుడు తలెత్తింది. "మేం పెట్టింది మూడే, అమ్మమ్మా."

మురళి లేచి నిలబడి, సోమవారం వచ్చేటప్పుడు ఆ రబ్బరు వేలు ఒక్కటి తెస్తే చాలని, చాలా మర్యాదగా, పిల్లలకి చెప్పాడు.