మూలలు కనపడని పెట్టె

ఆదోనిలో రేడియోలు బాగుచేసే అన్న ఏం చెప్పాలన్నా ముందు కళ్లద్దాలు తుడుచుకునేవాడు. ఆయన కొట్లో తీగలు చుడుతూ, కరెంటును అలలుగా చూపే ఆసిలోస్కోప్ పెట్టె తెరమీద అలలు చూడటం నేర్చుకున్నాను. బడికెళ్లని నాకు అదే సరస్వతీ కటాక్షం.

ఒకరోజు ఎమ్మిగనూరు మిల్లు ఆపరేటర్ సర్క్యూట్ బోర్డు తెచ్చాడు. దాన్ని అతనే కాల్చాడని సేటు నింద వేశాడట. బోర్డును స్కోప్‌కు తగిలిస్తే, తెరమీద మూలలతో చదరంగా రావలసిన అల గుండ్రంగా కనబడింది.

"బోర్డు పోయిందన్నా!" అని తీర్పిచ్చేశాను. ఆపరేటర్ ముఖం పాలిపోయింది.

అన్న అద్దాలు తుడుచుకున్నాడు. "బతికుండేదాన్ని పాడె ఎక్కిచ్చినావు గదమ్మా! స్కోప్ బ్యాండ్‌విడ్త్, అంటే అది పట్టే వేగం, అల వేగానికి ఐదింతలుండల్ల. మనది సిన్నది, దానికి మూలలు కనపడవు."

పెద్ద స్కోప్ అడిగి తెచ్చి చూస్తే మూలలన్నీ ఉన్నాయి. ఆపరేటర్ నింద తీరింది.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న కోడలి ముగ్గుకు మూలలు లేవనబోయి, అన్నను తలచుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాను. నాలుగూ ఉన్నాయి.