తువ్వాలు ఆరేయని రోజు

పటాలం గేటు పక్కన, మేడ మీది గదిలో సైరన్ మోగించే ఉద్యోగం ఆమెది. అందరూ సైరనమ్మ అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో అనుమానమే. అదే పటాలంలో లారీ నడిపే భర్త జబ్బు చేసి పోతే, చంకలో పిల్లతో వచ్చి ఈ కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల సైరన్ గది మెట్ల మీదే పాకింది, నడిచింది, చివరికి ఆ పటాలంలోనే సిపాయిగా చేరింది. తల్లి వద్దంది. కూతురు వింటేగా! ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

సైరనమ్మ పని వినడానికి సులువే. ఏ పటాలం ఎంత సిద్ధంగా ఉందో చూడటానికి రాజధానివాళ్లు అప్పుడప్పుడు హఠాత్తుగా పరీక్ష పెట్టేవారు. ముందురోజు నేరుగా సైరన్ గదికే ఫోను చేసి, రేపు ఫలానా వేళకి మోగించు అనేవారు. ఆ సంగతి కమాండరుకి కూడా చెప్పకూడదు. సైరన్ వినగానే సిపాయిలు తుపాకులు అందుకుని, లారీలెక్కి గేటు దాటాలి. ఎంతసేపట్లో దాటారో బయట రోడ్డు మీద కాపు వేసిన తనిఖీ అధికారులు చూసుకునేవారు.

నియమం అది. జరిగేది వేరు. ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ముసలాయన పదవీ విరమణ చేస్తూ, స్విచ్చుతో పాటు ఒక పసుపుపచ్చ తువ్వాలు కూడా అప్పజెప్పాడు. ఫోను వచ్చిన సాయంత్రం దాన్ని పిట్టగోడ మీద ఆరేయాలి. నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తువ్వాలు కంటబడితే చాలు, డ్రైవర్లు అరిగిపోకుండా షెడ్డులో దాచిన బ్యాటరీలు తెచ్చి లారీలకు బిగించేవారు. ఆయుధాల గది తాళాలవాడు ఇంటికి పోకుండా గుత్తి పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. సిపాయిలు బూట్లతోనే మంచాలెక్కేవారు. ఇంకేముంది, ఏటా కప్పు ఈ పటాలానిదే. కప్పులన్నీ కమాండరు గదిలో అద్దాల బీరువా నిండా తళతళలాడేవి. దీన్ని ఎవరూ మోసమనుకోలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి, సైరనమ్మా అనుకోలేదు.

ఆమె కళ్లు తెరిపించింది కొండ మీది చౌకీ, ఈ పటాలం సిపాయిలే సరిహద్దు కాపలా కాసే చోటు. వానలు పడుతున్న ఒక ఆదివారం పొద్దున, సరిహద్దు అవతలివాళ్లు దాని మీద పడ్డారు. సైరనమ్మ చెయ్యి తియ్యకుండా మోగించింది. కింద లారీలు కదిలితే ఒట్టు. బ్యాటరీలు షెడ్డులో, తాళాలవాడు చుట్టాలింట్లో. పటాలం కొండెక్కేసరికి కాపాడటానికి చౌకీలో ఎవరూ మిగల్లేదు. కమాండరు సంతాపసభ పెట్టాడు. అందరి ముందూ ఏడ్చాడు కూడా, దొంగ ఏడుపేం కాదు. కానీ వారం తిరక్కుండానే బ్యాటరీలు మళ్లీ షెడ్డుకే చేరాయి. ఇప్పుడు ఆ చౌకీకి కొత్త కాపలా బృందం వెళ్లబోతోంది. అందులో సైరనమ్మ కూతురుంది.

ఆ రోజుల్లోనే మళ్లీ ఫోను వచ్చింది. సైరనమ్మ తువ్వాలు చేతిలోకి తీసుకుంది. తర్వాత దాంతో బల్ల మీది దుమ్ము తుడిచి మూలకి విసిరికొట్టింది.

సాయంత్రం కమాండరు అటుగా వచ్చి మేడ వైపు తలెత్తి చూశాడు.

"ఏమ్మా, ఎండ బాగా కాస్తోందిగా. ఉతుకుడు పనేం పెట్టుకోలేదా మీరు?"

"లేదు సార్. ఉతికి ఉతికి విసుగొచ్చింది."

ఆయన నవ్వుకుంటూ నిశ్చింతగా వెళ్లిపోయాడు.

మర్నాడు అందరూ కంచాల ముందు కూర్చున్నవేళ సైరన్ మోగింది. అబ్బో, ఆ సంబడం చూసి తీరాలి! ఎంగిలి చేతులతో సిపాయిలు తుపాకుల కోసం పరిగెత్తితే ఆయుధాల గదికి తాళం. తాళాలవాడు మంగలి దగ్గర్నుంచి సగం గడ్డంతో వచ్చిపడ్డాడు. ఒక లారీని పదిమందీ కలిసి తోస్తే అది సరిగ్గా గేటు మధ్యలో మొరాయించి, వెనకవాటికి దారి లేకుండా చేసింది. కూతురు ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతో కుంటుకుంటూ వచ్చింది. రెండో బూటు కుట్టుకిచ్చింది మరి. పైనుంచి చూస్తున్న సైరనమ్మకి నవ్వు రాలేదు, కడుపు మండిపోయింది. స్విచ్చు మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

తనిఖీవాళ్లు వేళ రాసుకుని జీపెక్కి వెళ్లిపోయారు. కమాండరు ధుమధుమలాడుతూ మెట్లెక్కాడు. వెనకే కూతుర్ని కూడా రమ్మన్నాడు. ఎప్పుడూ మన్నించి మాట్లాడే మనిషి 'నువ్వు'లోకి దిగాడు.

"పటాలం ఉప్పు తిని పటాలం పరువే తీశావు. రేపట్నుంచి ఈ గదిలో నువ్వుండవు."

"అలాగే సార్. మోగించమన్నప్పుడు మోగించాను, నా పని అదే. ఎందుకు తీసేశారని రాజధానివాళ్లు అడిగితే, తువ్వాలు ఆరెయ్యలేదని తీసేశారని చెప్తాను. మీరూ అదే చెప్తారా?"

కమాండరు కోపమంతా కూతురి వైపు తిప్పాడు.

"చౌకీ బృందంలో ఆలస్యంగా వచ్చినవాళ్లంతా బయల్దేరేదాకా కందకాలు తవ్వాలి. నీ కూతురు కూడా. ఇది తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను. తవ్వనివ్వండి."

కూతురి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నలుగురిలో కుంటుకుంటూ నిలబడ్డ అవమానం ఇంకా ఆరలేదు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా! ఎవరికీ చెప్పకపోతే పోయావు, నాకొక్కదానికైనా చెప్పకూడదా?"

సైరనమ్మకి కూతుర్ని దగ్గరికి తీసుకోవాలనే ఉంది. తీసుకోలేదు. కమాండరుకి కూడా వినబడేలాగే అంది:

"నీకొక్కదానికే చెప్తే నువ్వొక్కదానివే బూట్లేసుకుని వచ్చేదానివి. రేపు కొండ మీద నీ పక్కన నిలబడేదెవరే?"